రెండు పోగులు

పదమ్‌బహాదుర్ రోకాయని నేపాల్‌గంజ్ విమానాశ్రయంలో ఎవరూ ఆ పేరుతో పిలిచేవారు కాదు. పేలిక హాకిం అనేవారు, హాకిం అంటే మా వైపు సర్కారు అధికారి. ఎదురుగా కాదు లెండి, వెనకాల. ఎదురుపడితే అందరికీ హాకిం సాబే. కంపెనీలు తమ విమానాలను సరిగ్గా బాగుచేసుకుంటున్నాయా లేదా అని చూసే ప్రభుత్వ తనిఖీ అధికారి అతను. అతను ఆపితే ఆ విమానం ఆగినట్టే. పెద్దవాళ్ళతో చెప్పించినా, టోపీ తీసి బతిమాలినా కదిలేది కాదు.

నేను భాగీరాం చౌధరిని. థారూ వాణ్ణి. ఈ మండే మైదానంలోనే పుట్టి, ఇక్కడే ఒక చిన్న విమానాల కంపెనీలో మెకానిక్‌గా జుట్టు నెరిపించుకున్నాను. మా కంపెనీకి ఉన్నవి రెండు విమానాలు. ఒక్కొక్కటీ పద్దెనిమిది మందిని మోసేది. కొండల మీద గట్టు చెక్కి చేసిన రన్‌వేల మీద దిగి, బియ్యం మూటలు దింపి, మనుషుల్ని ఎక్కించుకుని గాలి లేచేలోపు వెనక్కి వచ్చేయాలి. పొద్దెక్కాక ఆ లోయల్లో గాలి రేగిందంటే పక్షి కూడా దిగదు.

పేలిక సంగతి చెప్పాలి. విమానం తోకను పైకీ కిందికీ ఆడించేది ఒక కేబుల్. సన్నటి ఉక్కు పోగులు పేనిన తాడు అన్నమాట. అది పైలట్ కాళ్ళ దగ్గర బయల్దేరి, పొట్ట కిందుగా కప్పీల మీద వంగుతూ తోకదాకా పోతుంది. అందులో ఒక పోగు తెగి లేస్తే కంటికి కనపడదు. నూలుగుడ్డ వేసి, పిడికిలి బిగించి మెల్లగా లాగితే గుడ్డకు పట్టుకుంటుంది. మేమూ అదే చేస్తాం. కాని మేం చేసేటప్పుడు మనసు సగం టీ మీద ఉంటుంది. పదమ్ చేసేటప్పుడు చూడాలి. నిద్రపోతున్న బిడ్డకు జ్వరం ఉందేమోనని తడిమే తల్లి ముఖంలా ఉండేది అతని ముఖం. ఆ గుడ్డపేలిక ఎప్పుడూ అతని ప్యాంటు జేబులోంచి వేలాడుతూ ఉండేది. పెళ్ళికి పిలిస్తే పెళ్ళికి కూడా దానితోనే వచ్చాడు మహానుభావుడు.

అతను హాకిం కాకముందు మా కంపెనీలోనే ఇంజినీరు. నాకన్నా చిన్నవాడు, అందుకే నన్ను అన్నా అనేవాడు. మా ఇంటికి భోజనానికి వస్తే మా ఆవిడ నత్తల కూర వండేది. కొండవాడు గదా, చూస్తే చాలు మొహం తిప్పుకునేవాడు.

"ఛీ, ఎట్టా తింటావన్నా? అవి కదుల్తాయి!"

"కదిలేవే తినాలి హాకిం. కదలనివంటే నువ్వు ఆపేసిన విమానాలే."

పడి పడి నవ్వేవాడు. నవ్వినప్పుడు చిన్న పిల్లాడిలా ఉండేవాడు.

అతను ఇంకా మా ఇంజినీరుగా ఉన్న రోజుల్లో, ఒక వానాకాలం, అప్పుడున్న మా మూడు విమానాల్లో ఒకటి మబ్బులో కొండను కొట్టింది. వెతకడానికి వెళ్ళిన వాళ్ళలో నేనూ పదమ్ కూడా ఉన్నాం. అక్కడ ఏం ఏరామో నేను చెప్పను. తప్పు వాతావరణానిదే అని విచారణలో తేల్చారు. ముందురోజు ఆ విమానాన్ని చూసి సంతకం పెట్టింది పదమ్. అతని తప్పు రవ్వంత కూడా లేదని రాజుగారి మనుషులే రాసిచ్చారు. అయినా అతను నమ్మలేదు. తర్వాత పరీక్ష రాసి ప్రభుత్వంలో చేరిపోయాడు. ఎందుకురా అంటే, "సంతకం పెట్టి పంపేవాళ్ళు చాలామంది ఉన్నారన్నా, ఆపేవాడు ఒకడుండాలి" అన్నాడు. అప్పట్లో పెద్ద మాటలు చెబుతున్నాడనుకుని ఎగతాళి చేశాను.

పెళ్ళి చేసుకోలేదు. అతనికి లోకంలో ఉన్నది ఒక్క అక్క. పేరు పన్‌సరా. హుమ్లా కొండల్లో మాఝ్‌కోట్ అనే ఊరు వాళ్ళది. అమ్మానాన్నలు కొండచరియ విరిగిపడి పోతే, ఆమే ఇతణ్ణి వీపున కట్టుకుని పెంచింది. ఆ ఊరి రన్‌వే తవ్వేటప్పుడు రాళ్ళు మోసినవాళ్ళలో ఆమె కూడా ఉంది. వీపు మీద తమ్ముడు, నెత్తి మీద రాయి. తర్వాత అదే ఊరిలో కర్ణే బోహరా అనే అతన్ని చేసుకుంది. పిల్లలు కలగలేదు. విమానం దిగినప్పుడల్లా పని వదిలేసి గట్టు మీదికి వెళ్ళి కూర్చునేదట. పక్కవాళ్ళకు చెప్పేదట, "ఇది మా తమ్ముడు పంపిన విమానం" అని. తమ్ముడు విమానాలు ఆపే ఉద్యోగంలో ఉన్నాడని ఆమెకు ఎవరు చెప్పినా ఎక్కలేదు. ఆమె లెక్కలో అతను వాటిని పంపేవాడు.

మాకు తీహార్ పండుగ చివరి రోజు భాయిటీకా. ఆ రోజు అక్కచెల్లెళ్ళు అన్నదమ్ముల్ని పీట మీద కూర్చోబెట్టి, చుట్టూ నూనెతో గీత గీసి, యముడు ఆ గీత దాటకూడదని దండం పెట్టుకుంటారు. గడప మీద అక్రోటు కాయను పగలగొడతారు, చావు తల పగిలినట్టు. నుదుట ఏడు రంగుల బొట్లతో టీకా దిద్ది, మఖమలీ పూలదండ వేస్తారు. ఎండినా రంగు పోని పువ్వు అది. ఆ రోజు మగవాడి నుదురు ఖాళీగా కనిపిస్తే లోకమంతా జాలిపడుతుంది.

పదమ్ నుదురు ఏళ్ళ తరబడి ఖాళీగానే ఉండేది. పండుగల్లో విమానాలు ఎక్కువ తిరుగుతాయి, ఎక్కువ తిరిగినప్పుడే ఎక్కువ చూడాలి అని సెలవు పెట్టేవాడు కాదు. ఆ ఏడు మాత్రం అక్క కబురు పంపింది. ఈసారి రాకపోతే నువ్వు నాకు తమ్ముడివే కాదు అని. మా విమానంలోనే, భాయిటీకా రోజు పొద్దున్నే, టికెట్టు తీసుకున్నాడు. అక్కకు ఎర్ర శాలువా, బావకు గొడుగు కొన్నాడు. ముందురోజు నాకు నాలుగుసార్లు చూపించాడు ఆ శాలువా.

"ఎట్టా ఉందన్నా?"

"నువ్వు కప్పుకుంటావా ఏంటి? బానే ఉంది, లోపల పెట్టు."

తెల్లవారింది. నేను విమానం సిద్ధం చేస్తున్నాను. ప్రయాణికులంతా కొండలవాళ్ళే, అందరూ అక్కచెల్లెళ్ళ దగ్గరికి వెళ్ళే మగవాళ్ళు. సంచుల్లో మిఠాయిలు, చీరలు. పెళ్ళివారి విడిదిలా ఉంది గోల. అప్పుడు రేడియో గదిలోంచి మా మేనేజరు తులాధర్ వచ్చి పదమ్‌ను పక్కకు పిలిచాడు. నేను దగ్గరే ఉన్నాను.

"హాకిం సాబ్, మాఝ్‌కోట్ నుంచి కబురు. మీ అక్కయ్యకి నిన్నటి నుంచి కడుపునొప్పి. బాగా ఎక్కువైందంట. కడుపు రాయిలా బిగిసిపోయిందంట. ఆపరేషన్ చేయాలంటున్నాడు అక్కడి ఆరోగ్య కార్యకర్త. తిరుగు ప్రయాణంలో ఎక్కించుకొచ్చేద్దాం. ఇక్కడి ఆస్పత్రికి చెప్పి ఉంచాను."

పదమ్ ముఖం తెల్లబోయింది. "తొందరగా" అన్నాడు. అంతే అన్నాడు.

ఆ రోజుల్లో హెలికాప్టర్ అంటే రాజుగారికి, సైన్యానికి. మా రెండో విమానం ఖాట్మండులో ఇంజిన్లు విప్పి పడి ఉంది. మాఝ్‌కోట్ నుంచి ఆమెను మోసుకొస్తే దారిలోనే పోతుంది. ఆమెకున్న దారల్లా నా ఎదురుగా నిలబడ్డ ఈ ఒక్క విమానమే.

ఇంధనం నింపుతున్నారు. పదమ్ కూర్చోలేక అటూ ఇటూ తిరిగాడు. చేతులకు ఏదో ఒక పని ఉండాలి కదా మనిషికి. కొందరు బీడీ వెలిగిస్తారు, కొందరు జపమాల తిప్పుతారు. అతను పొట్ట కింద పలక ఊడదీసి, జేబులోంచి పేలిక తీసి, లోపలికి చెయ్యి పెట్టాడు. ఆ రోజు అతను హాకిం కాదు, ప్రయాణికుడు. చూడమని ఎవరూ అడగలేదు. ఎందుకు చూశావురా అని నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

చెయ్యి ఆగిపోయింది. మళ్ళీ వెనక్కి తీసి, మళ్ళీ లాగాడు. మళ్ళీ ఆగింది.

"అన్నా, లైటు పట్టు."

పట్టాను. తోక కేబుల్ కప్పీ మీద వంగే చోట రెండు పోగులు తెగి, వెంట్రుకల్లా లేచి ఉన్నాయి. తిన్నగా పోయే చోట ఒకటో రెండో తెగితే నిబంధనల పుస్తకం ఒప్పుకుంటుంది. కప్పీ మీద వంగే చోట ఒక్కటీ ఒప్పుకోదు. ఎందుకంటే అక్కడ తెగడం మొదలైతే లోపల ఎన్ని తెగాయో పైకి తెలియదు. ఆ సంగతి అతనికీ తెలుసు, నాకూ తెలుసు.

నేను లైటు ఆర్పేశాను. ఆర్పి, పక్కకు వంగి అతని చెవిలో అన్నాను.

"పదమ్, రెండే కదరా. రెండు పోగులు. నూరు పోగుల పైన ఉన్నాయి దాన్లో. ఇవాళ వెళ్ళొచ్చేస్తుంది. సాయంత్రం నేనే మారుస్తా. నువ్వు చూళ్ళేదు, నేను చూళ్ళేదు. పలక బిగించేస్తా, లే."

అతను లేవలేదు. విమానం పొట్ట కింద అలాగే గొంతుకూర్చుని ఉన్నాడు. పైన ప్రయాణికులు ఎక్కడం మొదలుపెట్టారు, వాళ్ళ బూట్ల చప్పుడు మా నెత్తిమీద టకటకమంటోంది. ఆ చప్పుడుకు అతను కళ్ళు మూసుకున్నాడు.

"దింపెయ్యన్నా. అందర్నీ దింపెయ్."

తులాధర్ పరిగెత్తుకొచ్చాడు. చెడ్డవాడు కాదు తులాధర్. అతనికి కంపెనీ నష్టం కన్నా ఆ క్షణాన పదమ్ అక్కే గుర్తుంది, అది నేను ఒప్పుకోవాలి.

"సాబ్, మీరు సెలవులో ఉన్నారు. ఇవాళ మీ మాట చెల్లదు, తెలుసా? నేను కావాలంటే పంపేయొచ్చు."

"పంపు. నేను ఖాట్మండులో మా ఆఫీసుకి ఫోన్ చేస్తా."

"మీ అక్కయ్య సాబ్! మీ అక్కయ్య కోసం చెప్తున్నా! సరే, ప్రయాణికులొద్దు. ఖాళీగా పంపుదాం. పైలట్లిద్దరూ, మీరూ. అంతే."

ఈ మాటకు పదమ్ తలెత్తాడు. నేను చూశాను, అతని కళ్ళలో ఆశ లేచింది. కెప్టెన్ కూడా అక్కడే ఉన్నాడు, కుర్రవాడు, మంచి గుండె ఉన్నవాడు. "నేను తీసుకెళ్తాను సాబ్. రెండు పోగులకేం కాదు" అన్నాడు.

పదమ్ అతని వైపు తిరిగాడు.

"నీకు అక్కచెల్లెళ్ళు ఎంతమంది?"

"ముగ్గురు సాబ్."

"ఎదురుచూస్తూ ఉంటారుగా?"

"పొద్దున్నుంచి ఏం తినకుండా కూచుంటారు, మేం వెళ్ళిందాకా."

"వెళ్ళు. వెళ్ళి టీకా పెట్టించుకో."

కెప్టెన్ ఏదో అనబోయాడు. పదమ్ అప్పటికే వెనక్కి తిరిగి, ముందు చక్రానికి ఎర్రగుడ్డ కట్టేస్తున్నాడు. ఆ గుడ్డ కడితే విమానం కదలకూడదని అర్థం. ముడి వేయబోతే రెండుసార్లు జారిపోయింది. మూడోసారి బిగించాడు.

ప్రయాణికులు దిగారు. ఏడాదంతా కూలీ చేసుకుని, ఆ ఒక్కరోజు కోసం వచ్చినవాళ్ళు. ఎందుకు ఊరుకుంటారు?

"ఎవడ్రా ఆపింది?"

"ఈ కొండముచ్చు మొహంవాడే! మన హుమ్లావాడేనంట, మనల్నే ఆపాడు."

"పండగపూట విమానం ఆపేవాడికి అక్కచెల్లెళ్ళు లేరేమోరా! ఉంటే తెలిసేది!"

నాకు ఒళ్ళు మండిపోయింది. నోరు తెరిచాను, చెప్పేద్దామని. పదమ్ వచ్చి నా ముంజేయి పట్టుకున్నాడు. గట్టిగా, గోళ్ళు దిగేలా. చెప్పొద్దని. ఆ మాటలన్నీ అలా నిలబడి విన్నాడు.

మిగతా కంపెనీల వాళ్ళను రేడియోలో అడిగాం. ఒకాయన జుమ్లా వెళ్ళి తిరిగొచ్చేటప్పుడు మాఝ్‌కోట్‌లో దిగి చూస్తానన్నాడు. అతను జుమ్లాలో బయల్దేరేసరికే లోయలో గాలి లేచింది. రన్‌వే పైనే చుట్టూ తిరిగి, దిగలేక వచ్చేశాడు. కొత్త కేబుల్ ఖాట్మండు నుంచి మధ్యాహ్నం విమానంలో వచ్చింది. నేనూ పదమ్ కలిసి మార్చాం. అతను హాకిం, చేతికి గ్రీజు అంటకూడదు. అయినా చొక్కా విప్పి నా పక్కన పడుకుని పానా అందుకున్నాడు. మధ్యలో ఒకసారి, "అక్కకి చలి ఎక్కువన్నా, శాలువా ఇంకొంచెం మందంది కొనాల్సింది" అన్నాడు.

మర్నాడు తెల్లారేసరికి విమానం సిద్ధం. కెప్టెన్ సిద్ధం, నుదుట ముగ్గురు అక్కచెల్లెళ్ళ టీకాతో. కొండల మీద మబ్బు కూర్చుంది. మాఝ్‌కోట్‌లో చెయ్యి చాపితే చెయ్యి కనపడటం లేదని రేడియోలో చెప్పారు. పదమ్ సీట్లో బెల్టు పెట్టుకుని కూర్చున్నాడు, ఇంజిను కూడా వేయని విమానంలో. రమ్మంటే రాలేదు. టీ ఇస్తే తాగలేదు. పొద్దు బాగా ఎక్కాక తులాధర్ రేడియో గదిలోంచి బయటికి వచ్చాడు. వస్తూ టోపీ తీసేశాడు. ఇక చెప్పాల్సిన పని లేకపోయింది. పదమ్ బెల్టు తీసుకుని, మెల్లగా మెట్లు దిగి, రెక్క కింద నేల మీద కూర్చుని ఏడ్చాడు. నేను అతని వీపు మీద చెయ్యి వేసి కూర్చున్నాను. ఇంకేం చేయగలను?

ఆ కేబుల్ ఆ ఒక్కరోజు ఆగేదా, తెగేదా? నన్ను చాలామంది అడిగారు. నాకు తెలియదు. ఎవరికీ తెలియదు. విమానం ఆపేవాడి బతుకే అంత. పడని విమానాన్ని ఎవరూ చూడరు. అతని మూలంగా బతికిన వాళ్ళెవరో వాళ్ళకే తెలియదు. అతని మూలంగా పోయిన మనిషికి మాత్రం పేరుంది, ఊరుంది, ముఖముంది.

కొండకు వెళ్ళలేదతను. మబ్బు విడిచింది, విమానాలు తిరిగాయి, అయినా వెళ్ళలేదు. నేనూ అడగలేదు.

కర్మకాండ అయ్యాక బావే దిగివచ్చాడు. కర్ణే బోహరా. పొడుగాటి మనిషి, గుండు, ఒంటి మీద తెల్లబట్టలు. పదమ్ క్వార్టరులో వాళ్ళిద్దరూ కూర్చుంటే, బావ ఎదుట ఒంటరిగా ఉండలేక పదమ్ నన్ను పిలిపించాడు. నేను వెళ్ళేసరికి బావ చెబుతున్నాడు. ఓదార్చాలనే వచ్చాడు పాపం. విమానాన్ని ఇంకెవరో ఆపేశారని, దానివల్లే పదమ్ కూడా ఇక్కడ చిక్కుపడిపోయాడని ఆయన అనుకుంటున్నాడు.

"నొప్పిలో కూడా నన్ను ఊరికే కూర్చోనీలేదు తమ్ముడూ. గోడ మీద నీ ఫొటో దింపమంది. పీట వేసి దాని మీద పెట్టమంది. నూనె గీత తనే గీస్తానని లేవబోయింది, లేవలేకపోయింది. నేను గీశా, తను నా చేతి మీద చెయ్యేసింది. అక్రోటు కూడా నాతోనే కొట్టించింది. గట్టిగా కొట్టు, యముడి తల పగలాలి, వాడు మా తమ్ముడి జోలికి రాకూడదు, వాడు నూరేళ్ళు బతకాలి అంది."

పదమ్ తల వంచుకుని వింటున్నాడు.

"అంతలో రేడియో అతను వచ్చి చెప్పాడు, విమానం రాదంట, కింద నేపాల్‌గంజ్‌లో ఎవడో ఆపేశాడంట అని. అప్పుడు లేచి కూచుంది చూడు! అంతసేపూ లేవలేని మనిషి. ఎవడాడు, మా తమ్ముణ్ణి కూడా దారిలో కూచోబెట్టేశాడా, వాడి నుదుటికి ఇంక అక్కచెల్లెళ్ళ టీకా దక్కకుండా పోను, అని తిట్టింది. పండగపూట వద్దే అన్నా. వినలేదు. రెండు చేతులూ ఎత్తి తిట్టింది. ఆ తర్వాత ఇంక మాట సాగలేదు."

బావ పదమ్ వైపు జరిగాడు.

"నువ్వు హాకింవి. ఆ ఆపినోడెవడో నీకు తెలిసే ఉంటుంది. పేరు చెప్పు. కొట్టను, తిట్టను. ఒక్కసారి మొహం చూస్తా."

నేను కలగజేసుకున్నాను. "బోహరా గారూ, కేబుల్ చెడిందండీ, ఎవరైనా సరే..."

పదమ్ చెయ్యెత్తి నన్ను ఆపాడు.

"నేనే బావా."

ఆయనకు అర్థం కాలేదు. "ఏంటి నువ్వే?"

"ఆపింది నేనే. అక్కకి బాలేదని తెలిసినాకే ఆపాను."

కర్ణే బోహరా అరవలేదు. అరిచి ఉంటే బాగుండేదని నాకు అనిపించింది. నేలకేసి చూస్తూ, "ఏం చూసి ఆపావు? చూపించు" అన్నాడు.

పదమ్ లోపలికి వెళ్ళి, అటక మీంచి ఆ పాత కేబుల్ ముక్క తెచ్చాడు. దాన్ని దాచుకున్నాడని అప్పటిదాకా నాకు తెలియదు. బావ దాన్ని చేతిలోకి తీసుకుని, కిటికీ దగ్గరికి వెళ్ళి, బొటనవేలి గోటితో తడిమాడు. కొండవాడు, తీగల సంగతి తెలిసినవాడు.

"ఇవా?"

"ఆ."

"రెండే?"

"రెండే బావా."

"కర్ణాలి మీద మన తీగ ఎట్టా ఉంటుందో మర్చిపోయావా? ఏటికి అడ్డంగా ఒక్క తీగ, దానికో పీట. చెయ్యేస్తే అరచెయ్యి చీరుకుపోద్ది, అన్ని పోగులు లేచిపోయి ఉంటాయి. నువ్వు దాని మీదే బడికెళ్ళావు. మీ అక్కే తోసేది నిన్ను, ఈ గట్టు నుంచి ఆ గట్టుకి. ఇవాళ్టికీ ఊళ్ళో పిల్లలు దాని మీదే పోతున్నారు."

"తెలుసు బావా."

"తెలిసే ఆపావా?"

"తెలిసే ఆపాను."

ఆయన కేబుల్ ముక్కను బల్ల మీద పెట్టాడు. జోలెలోంచి పాత గుడ్డలో చుట్టిన మఖమలీ దండ తీశాడు. ఊదారంగు పూలు, కోసిన రోజులాగే ఉన్నాయి.

"నొప్పి రాకముందు గుచ్చింది. నీకిమ్మని చెప్పింది. దానికి మాటిచ్చాను గనక ఇస్తున్నా. నాకైతే ఇవ్వాలని లేదు."

దాన్ని పదమ్ చేతిలో పెట్టలేదు. కేబుల్ ముక్క పక్కన పెట్టి, గొడుగు కూడా తీసుకోకుండా వెళ్ళిపోయాడు. మళ్ళీ ఎప్పుడూ ఆ గడప తొక్కలేదు.

మేమిద్దరమే మిగిలాం. పదమ్ దండను ముట్టుకోలేదు.

"అన్నా, తిట్టింది నన్నేనని అక్కకి తెలీదు కదా?"

"తెలీదురా."

"నేను చల్లగా ఉండాలని మొక్కిందీ, నాకు టీకా దక్కకూడదని తిట్టిందీ ఒక్క పూటే. ఏది తగుల్తుందంటావ్?"

"పిచ్చి మాటలు మాట్లాడకు" అని కసిరాను.

పదమ్ డెబ్భై దాటిందాకా బతికాడు. ఒక్కరోజు మంచాన పడ్డవాడు కాదు. మా చెల్లెలు ఏటా భాయిటీకాకి పళ్ళెం పట్టుకుని అతని ఇంటికి వెళ్ళేది, అక్కచెల్లెళ్ళు లేనివాళ్ళకు పెట్టినా పుణ్యమేనని. అతను గడప దగ్గరే రెండు చేతులూ జోడించి, "వద్దమ్మా, నాకు దక్కకూడదన్నారు" అని వెనక్కి పంపేసేవాడు. ఊరంతా రంగురంగుల నుదుళ్ళతో తిరుగుతుంటే, అతను ఖాళీ నుదురుతో హ్యాంగర్‌కు వచ్చి, నా పక్కన విమానం కింద కూర్చునేవాడు. రెండూ తగిలాయి.